పక్కచూపు

బస్సు డిపోలో టైర్ల షెడ్డుకు ఆనుకుని రెండు గదులున్నాయి. ఆ గదుల్లో ఆమె తొమ్మిదేళ్లుగా డ్రైవర్ల కళ్లు పరీక్షిస్తోంది. ముందు గదిలో ఒక బల్ల, బీరువా, గోడకు అక్షరాల పలక. లోపలి గదికి కిటికీ లేదు. యంత్రం ఉండేది అక్కడే. తెల్లటి పెద్ద గిన్నెను నిలువుగా పెట్టినట్టుంటుంది. డ్రైవరు అందులోకి మొహం పెట్టి, గడ్డం ఆనించి, ఒక కన్ను మూసుకుని, నడిమధ్యన ఉన్న చుక్కనే చూస్తూ ఉండాలి. చుట్టూ ఎక్కడో ఒకచోట చిన్న వెలుగు మెరిసి ఆరిపోతుంది. కనిపించినప్పుడల్లా చేతిలోని మీట నొక్కాలి. కనిపించనివన్నీ చివర్లో కాగితం మీద నల్లటి మచ్చలై వస్తాయి.

ఆ మంగళవారం పొద్దున, రెండు ట్రిప్పుల మధ్య దొరికిన ఇరవై నిమిషాల్లో మావయ్య పరీక్షకు వచ్చాడు. డిపోలో అందరూ ఆయన్ని గడియారం అంటారు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆయన బండి ఆలస్యమైందనీ, ఎవరికైనా తగిలిందనీ ఎవరూ విని ఎరగరు. రిటైరవడానికి ఇంకా నాలుగు నెలలున్నాయి. ఆమెకు సొంత మేనమామ. ఆమె చిన్నప్పుడు అమ్మ ఆసుపత్రిలో నర్సు. ఏ పూట డ్యూటీ పడుతుందో తెలిసేది కాదు. అందుకని బడి వదలగానే ఆమె మావయ్య బస్సెక్కేది. డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, రేవు దాకా పోయి మళ్లీ డిపో దాకా వస్తూ ఒళ్లో పుస్తకం పెట్టుకుని రాసుకునేది. ఎక్కాలన్నీ ఆ కుదుపుల్లోనే వచ్చాయి. నోరు మూయకుండా వాగుతుందని ఆయన పిచ్చుక అని పేరు పెట్టాడు. ఆమెకు నలభై దగ్గర పడుతున్నా ఆ పిలుపు మారలేదు.

“కానివ్వు పిచ్చుకా, బండి బయల్దేరాలి,” అంటూ కూర్చుని, ఆమె చూపుడు కర్ర అందుకోకముందే పలక మీది చివరి వరుస గడగడా చదివేశాడు. “కావాలంటే కింద ప్రెస్సువాడి పేరు కూడా చదువుతా.”

“అంత అక్కర్లేదులే. లోపలికి పద.”

ఎడమ కన్నుతో మొదలుపెట్టింది. మీట టిక్కు టిక్కుమంటూ కాసేపు బాగానే మోగింది. తర్వాత ఆగిపోయింది. ఆమె ముందున్న తెర మీద ఎడమ అంచున ఒకదాని తర్వాత ఒకటి వెలుగులు మెరిసి ఆరుతున్నాయి. మీట మోగడం లేదు.

“నిద్రపోతున్నావా మావయ్యా?”

“నిద్రేంటి? ఏమీ రాకపోతే ఏం నొక్కను?”

ఆమె యంత్రం ఆపి, మళ్లీ మొదటి నుంచి పెట్టింది. కుడి కన్ను కూడా చూసింది. కాగితం వచ్చింది. ఎడమ కన్ను పటంలో పక్కభాగమంతా మసి పూసినట్టుంది. కుడి కంట్లోనూ నలుపు మొదలైంది. నీటికాసులు, అంటే గ్లాకోమా. ఎదురుగా ఉన్నది ఎంత చిన్నదైనా కనిపిస్తుంది, పక్కనున్నది కొంచెం కొంచెంగా మాయమవుతుంది. మాయమైన సంగతి ఆ మనిషికే తెలియదు. పోయిన చూపు తిరిగి రాదు.

“ఏమంటోంది నీ గిన్నె?”

“మొరాయిస్తోంది. మళ్లీ చేయాలేమో.”

“పాతబడిపోయిందిలే పాపం, నాలాగా కాదు,” అని నవ్వి, టోపీ పెట్టుకుని, బండి వేళయిందని పరిగెత్తాడు.

అలాంటి కాగితం చేతికి వచ్చిన మరుక్షణం డిపో మేనేజరుకు ఫోన్ చేయాలి. ఆ డ్రైవరు ఇంక స్టీరింగు ముట్టుకోకూడదు. ఆ నిబంధన ఆమె బల్లకు ఎదురుగా గోడ మీద ఫ్రేములో ఉంది. తొమ్మిదేళ్లలో పదకొండు మంది విషయంలో ఆమె ఫోన్ చేసింది. ఏ ఒక్కసారీ తటపటాయించలేదు. ఇప్పుడు రిసీవరు ఎత్తి పెట్టేసింది. మళ్లీ ఎత్తి మళ్లీ పెట్టేసింది. రిటైరయ్యే రోజు ఇంటివాళ్లందరినీ ఎక్కించుకుని ఆఖరి ట్రిప్పు వేయడం ఆ డిపోలో అలవాటు. మావయ్య ఏడాది నుంచీ ఆ ట్రిప్పు గురించే మాట్లాడుతున్నాడు. ఎవరు ఏ సీట్లో కూర్చోవాలో కూడా చెప్పేశాడు. అత్తయ్య ఆ రోజు కోసమని కొత్త చెప్పులు కొని పెట్టెలో దాచింది. నాలుగే నెలలు. ఆ నాలుగు నెలలూ పార్సిళ్ల కౌంటర్లో మూటలకు చీటీలు అంటించుకుంటూ కూర్చున్న మావయ్య ఆమె కళ్ల ముందు మెదిలాడు.

భోజనాల వేళ తలుపు గడియ పెట్టింది. యంత్రంలో మావయ్య ఉద్యోగ సంఖ్య కొట్టి, తానే గడ్డం ఆనించి కూర్చుంది. వెలుగు మెరిసినప్పుడల్లా నొక్కింది. అక్కడక్కడా కావాలనే వదిలేసింది, అరవైకి దగ్గరపడ్డ మనిషి కళ్లలా కనిపించాలని. అంత తెలివి తనకెక్కడి నుంచి వచ్చిందో ఆమెకే అర్థం కాలేదు. వచ్చిన కాగితాన్ని మిగతావాటితో కలిపి దొంతరలో పెట్టింది. అసలు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో వేసుకుంది. గురువారం డాక్టరు వచ్చి, ఎప్పటిలాగే దొంతర మొత్తానికి చకచకా సంతకాలు పెట్టి వెళ్లిపోయాడు.

“కంట్లో కాస్త ప్రెషర్ ఉంది, అంతే. రోజూ చుక్కలు వేసుకోవాలి, మానకూడదు,” అని మావయ్యకు మందు ఇచ్చింది. ఆయన సరేనన్నాడు. ఆమె చెప్పిన మాట ఆయన ఎప్పుడూ కాదనలేదు.

ఆ రోజు నుంచి ఆమెకు ఒకచోట కాలు నిలవలేదు. అంబులెన్సు కూత వినిపిస్తే చేస్తున్న పని ఆపి, గోడ గడియారం చూసి, మావయ్య ఇప్పుడు ఏ వీధిలో ఉంటాడో లెక్కేసుకునేది. ఇప్పుడు మార్కెట్టు మలుపు. ఇప్పుడు బాలికల బడి. కూత ఆ వైపు నుంచి కాదని తేలాకే మళ్లీ పని అందుకునేది. రెండు మూడుసార్లు గేటు దాకా పోయి, తిరిగొచ్చిన ఆయన బండిని ఎడమ వైపు నుంచి చూసింది. రంగు మీద సన్నటి గీతలున్నాయి. అవి పాతవా కొత్తవా అని వంగి వేలితో రాసి చూస్తుంటే వాచ్‌మన్ విచిత్రంగా చూశాడు.

మరుసటి సోమవారం ఒక పొడుగాటి డ్రైవరు పరీక్షకు వచ్చాడు. ఆయన కాగితంలోనూ నలుపు వచ్చింది. మావయ్య కాగితంలో ఉన్నదాంట్లో సగం కూడా లేదు. అయినా గీత దాటింది.

“ఇంకోసారి పెట్టండి మేడమ్, సరిగ్గా నొక్కలేదు,” అన్నాడాయన.

మూడుసార్లు పెట్టింది. మూడుసార్లూ అదే వచ్చింది.

“నాకు స్టీరింగ్ తప్ప ఇంకేం చేతకాదండీ.”

ఆమె రిసీవరు ఎత్తి మేనేజరుకు ఫోన్ చేసింది. ఈసారి ఆయన మొహం చూడకుండా మాట్లాడింది. మర్నాటి నుంచి ఆ పొడుగాటాయన పక్క షెడ్డులో టైర్లకు గాలి పడుతూ కనిపించాడు. ఆమె గదికి రావాలంటే ఆయన ముందు నుంచే రావాలి. ఆమె షెడ్డు వెనక నుంచి తిరిగి రావడం మొదలుపెట్టింది.

అప్పుడే మావయ్య బస్సెక్కడం కూడా మొదలుపెట్టింది. పొద్దున మొదటి ట్రిప్పు, సాయంత్రం ఆఖరుకు ముందు ట్రిప్పు. ఇంటి నుంచి గంట ముందే బయల్దేరాలి. “కాలు కాలిన పిల్లిలా ఏంటి ఈ తిరుగుడు? డిపోలో ఏమైనా గొడవా?” అని భర్త అడిగితే, పని ఎక్కువైందని చెప్పింది. మావయ్యకు మాత్రం పట్టరాని సంతోషం.

“ఏంటి పిచ్చుకా, మీ ఆయనతో పడటం లేదా? లేకపోతే నా మీద ఇంత ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చింది?”

“మళ్లీ నాలుగు నెలల తర్వాత నీ బండి ఎక్కడ దొరుకుతుంది?”

చిన్నప్పటి సీట్లోనే కూర్చునేది, ముళ్ల మీద కూర్చున్నట్టు. ఆమె చూపంతా ఎడమ పక్కనే. సైకిలు కనిపిస్తే “సైకిలు” అనేది. ఎవరైనా రోడ్డు దాటబోతుంటే “మనిషి” అనేది. మొదట్లో మావయ్య నవ్వాడు.

“డ్రైవరు నువ్వా నేనా?”

నాలుగో రోజుకు విసుక్కున్నాడు. వెనక సీట్లోని ఒక పెద్దాయన, “అమ్మా, డ్రైవరుతో మాట్లాడకూడదని అంత పెద్ద అక్షరాలతో రాశారు, కనబడటం లేదా?” అని గదిమాడు. బస్సులో ఒకరిద్దరు నవ్వారు. ఆమె మొహం ఎర్రబడింది. అయినా ఆగలేదు. గొంతు తగ్గించి చెప్పేది.

ఆమె అలా బస్సెక్కుతున్న మూడో వారం, బుధవారం. పొద్దున ఎనిమిది కావస్తోంది. బండి నిండుగా ఉంది. మార్కెట్టు మలుపు తిరగ్గానే, ఎడమ పక్కన, పసిపిల్లల్ని తోసుకెళ్లే చక్రాల బుట్టలో పిల్లను పెట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది. ఆమెకు దూరం నుంచే కనిపించింది. ఆవిడ అటూ ఇటూ చూసి, బస్సు ఆగుతుందన్న ధైర్యంతో బుట్టను రోడ్డు మీదికి నెట్టింది. మావయ్య కాలు బ్రేకు మీదికి పోలేదు.

“మావయ్యా!”

బండి కీచుమంటూ ఆగింది. నిలబడ్డవాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డారు. ఎవరికో పెదవి చిట్లింది. ఆమె మణికట్టు ముందున్న కడ్డీకి కొట్టుకుని కలుక్కుమంది. బుట్టకూ బస్సుకూ మధ్య ఒక చెయ్యి పట్టేంత జాగా ఉంది. బయట ఆవిడ పిల్లను ఎత్తి గుండెకు కరుచుకుని, బస్సు అద్దం మీద అరచేత్తో బాదుతూ తిట్టింది. తర్వాత బుట్టను లాక్కుంటూ వెళ్లిపోయింది.

మావయ్య బండిని పక్కకు తీసి, తలుపులు తెరిచి, అందరినీ దిగి వెనక బస్సు ఎక్కమన్నాడు. డిపోకు ఫోన్ చేసి, “నాకు బాగోలేదు, ఇంకో డ్రైవర్ని పంపండి,” అన్నాడు. ముప్ఫై ఏళ్లలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి. అందరూ దిగిపోయాక ఖాళీ బస్సులో వాళ్లిద్దరే మిగిలారు.

“ఆవిడ ఎట్నుంచి వచ్చింది?”

“ఎడమ పక్క నుంచి. చాలాసేపట్నుంచి అక్కడే ఉంది.”

“నాకు కనబడలేదే.”

“తెలుసు.”

“తెలుసా?” ఆయన సీట్లోనే మొత్తం ఒళ్లు తిప్పి ఆమెకేసి చూశాడు.

ఆమె సంచిలోంచి మడత కాగితం తీసి ఇచ్చింది. నలుపంటే ఏమిటో చెప్పింది. తలుపు గడియ పెట్టిన సంగతి చెప్పింది. ఆయన పేరు మీద తన కళ్లు పెట్టి పరీక్ష చేసిన సంగతి చెప్పింది. ఏదీ దాచలేదు. ఆయన కాగితాన్ని దగ్గరగా, దూరంగా పెట్టి చూశాడు.

“అయితే మూడు వారాల నుంచీ నువ్వు నాతో కబుర్లకి రావట్లేదన్నమాట.”

ఆమె కలుక్కుమన్న మణికట్టు పట్టుకుని కూర్చుంది.

“కాపలా కాస్తున్నావు. రోజుకి ఎనిమిది ట్రిప్పులు వేస్తాను నేను. నువ్వు ఎక్కేది రెండు. మిగతా ఆరు ట్రిప్పుల్లో రోడ్డు మీద తిరిగేవాళ్లు ఎవరి పిల్లలే?”

ఆయన ఆమెతో ఎప్పుడూ “ఏమే”, “ఒసే” అన్నట్టు మాట్లాడలేదు. ఆమెకు ఏడుపు వచ్చింది గానీ ఏడవడానికి మొహం చెల్లలేదు.

“నేను అడిగానా నిన్ను?”

“అడగలేదు.”

“అడిగుంటే తప్పు నాదయ్యేది. అదన్నా ఉండేది. ముప్ఫై ఏళ్లు ఎవరినీ తాకలేదని చెప్పుకున్నాను. ఈ మూడు వారాలూ అందులో కలపాలా, తీసేయాలా?”

ఇంకో డ్రైవరు వచ్చేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. అతను రోడ్డుకు అవతల దిగడం చూసి మావయ్య కాగితాన్ని మళ్లీ మడిచి ఆమె చేతిలో పెట్టాడు. గొంతు మారింది.

“విను. నేను రేపట్నుంచి సిక్ పెడతాను. బయట కళ్ల డాక్టరుకి చూపించుకుని, ఆయన రాసిచ్చిన కాగితంతో నేనే తప్పుకుంటాను. నీ కాగితం గురించి ఎవరికీ చెప్పకు. ఫైల్లో పడుంటుంది. ఎవడు తీస్తాడు?”

“మావయ్యా, అది...”

“నీ ఉద్యోగం పోతుంది. ఇంకెక్కడా రాదు. నోరు మూసుకో. మాటివ్వు.”

ఆమె మాటివ్వలేదు. ఎర్ర దీపం పడితే ఎదురుగా నరమానవుడు లేకపోయినా బండి ఆపి కూర్చునే మనిషి ఆయన. ఆయనే ఇప్పుడు దాచమని బతిమాలుతున్నాడు. దాచిన తనకేమో అది ఇంకొక్క పూట కూడా మోయలేనంత బరువుగా ఉంది.

మర్నాడు గురువారం. డిపోకు వస్తూ ఆమె షెడ్డు వెనక నుంచి తిరగలేదు. ముందు నుంచే వచ్చింది. పొడుగాటి డ్రైవరు టైరు దొర్లిస్తూ ఆగాడు.

“గడియారం గారికి ఒంట్లో బాగోలేదటగా?”

“అవునండీ.”

“మొదట్లో మీ మీద చాలా కోపమొచ్చింది మేడమ్. ఇప్పటికీ ఉంది, అబద్ధమెందుకు? కానీ ఎవరికైనా రూల్ ఇదే కదా అని సర్దుకుంటున్నా.” ఇంతలో ఎవరో పిలిస్తే ఆయన టైరు దొర్లించుకుంటూ పోయాడు.

డాక్టరు సంతకాలకు కూర్చోగానే ఆమె దొంతర పక్కకు జరిపి, మడత కాగితం ముందు పెట్టి జరిగింది చెప్పింది. ఆయన కలం మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు.

“ఈ మాట నాకెందుకు చెప్పారు? చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు. దీని మీద నా సంతకం కూడా ఉందమ్మా.”

“అందుకేనండీ.”

సాయంత్రానికల్లా సంగతి డిపో అంతా పాకిపోయింది. ఏడాదిలో ఆమె పరీక్షించిన నూట నలభై మందినీ మళ్లీ పిలిపించాలని ఆర్డరు వచ్చింది. సెలవు రోజుల్లో వరసలో నిలబడాల్సి వచ్చిన డ్రైవర్లు ఆమెను నోటికొచ్చినట్టు తిట్టారు. గడియారమే మేనకోడలి చేత చేయించి ఉంటాడని సగం మంది తీర్మానించేశారు. ఆ మాట చెవిన పడి అత్తయ్య ఫోన్ చేసింది.

“దాచి ఒకసారి, చెప్పి ఒకసారి, రెండుసార్లు ఆయన్ని ముంచావు కదే. ఏదో ఒకటి చేసుండకూడదూ?” అని, జవాబు వినకుండా పెట్టేసింది.

మావయ్య ఇంటికి మూడుసార్లు వెళ్లింది. మూడుసార్లూ ఆయన లోపలి గదిలోంచి బయటకు రాలేదు. భర్తతో అన్నీ చెప్పాక, “నాకు ముందే చెప్పి ఉండాల్సింది,” అని మాత్రం అన్నాడాయన. విచారణ రోజున సెలవు పెట్టి, తోడు వచ్చి గేటు దగ్గర దింపి వెళ్లాడు.

విచారణ గదిలో పొడవాటి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. వాళ్లలో పెద్దాయన మావయ్య ఇచ్చిన వాంగ్మూలం చదివాడు. “పరీక్ష ఫలితం మార్చమని మా మేనకోడల్ని నేనే బలవంతపెట్టాను. ఆ అమ్మాయి వద్దంది. తప్పు నాది.” కింద సంతకం.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. వెనక్కి తిరిగి చూసింది. మావయ్య గోడవారగా, టోపీ ఒళ్లో పెట్టుకుని, నేల చూపులు చూస్తున్నాడు.

“అది నిజం కాదండీ.”

“మీ మావయ్య అబద్ధమాడారంటారా?”

“అవునండీ. అలవాటు లేదు పాపం.”

పెద్దాయన మావయ్యను లేపి, “పరీక్ష ఎలా మార్చారు?” అని అడిగాడు.

“అమ్మాయి చేత అక్షరాలు ముందే చెప్పించుకుని బట్టీ పట్టానండీ.”

“అక్షరాలు మీకు బాగానే కనిపిస్తాయి కదా? పోయింది పక్కచూపు కదా?”

మావయ్య టోపీ అంచు నలుపుతూ కూర్చుండిపోయాడు.

బల్ల చివరనున్న అధికారిణి అప్పటిదాకా ఏమీ అడగలేదు. “ఈయన మీకు మావయ్య కాకపోయి ఉంటే?” అంది.

“వెంటనే ఫోన్ చేసేదాన్నండీ. మరుసటి వారమే ఒకాయన విషయంలో చేశాను.”

“మళ్లీ మీవాళ్లకే ఇలా వస్తే?”

ఇంకెప్పుడూ ఇలా దాచనని అంటే సరిపోయేది. గదిలో అందరూ ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నారు. ఆమె ఆలోచించింది. అద్దం మీద బాదిన అరచెయ్యి గుర్తొచ్చింది. పలక మీది చివరి వరుస గడగడా చదివిన గొంతూ గుర్తొచ్చింది.

“తెలియదండీ,” అంది.

రాసుకుంటున్న గుమాస్తా తలెత్తి, “దీన్ని ఎలా రాయమంటారు?” అని అడిగాడు.

“ఆవిడ చెప్పినట్టే రాయండి,” అంది అధికారిణి.

ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. ఐదేళ్ల దాకా ఎక్కడా పరీక్షలు చేయకూడదన్నారు. మావయ్యను అనారోగ్య కారణంగా ఆ రోజు నుంచే రిటైర్ చేశారు. అబద్ధపు వాంగ్మూలానికి మందలించి వదిలేశారు. ఆఖరి ట్రిప్పు ఊసు ఎవరూ ఎత్తలేదు.

మెట్లు దిగాక ఆయన ఆమె కోసం ఆగాడు. ఆరు వారాల తర్వాత ఆమెతో మాట్లాడిన మొదటి మాట తిట్టే.

“నీకు బుద్ధుందా? నేను ఒప్పుకున్నాక ఊరుకోలేవూ? నీ ఉద్యోగం నిలిచేది.”

“అబద్ధం చెప్పి నిలబెడతావా? అదే పని నేను చేస్తేనే కదా తప్పన్నావు!”

“నేను నీకంటే పెద్దవాణ్ణి, చెప్పొచ్చు.”

“ఏ రూల్లో ఉంది అలాగని?”

“రూల్స్ నువ్వు చెప్పకు నాకు.”

స్టాపులో రేవుకు వెళ్లే బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు మావయ్యను గుర్తుపట్టి తలుపు తెరిచి పట్టుకున్నాడు. మావయ్య చెయ్యెత్తి పొమ్మన్నాడు. బస్సు కదిలిపోయింది. ఇద్దరూ ఇంటిదారి పట్టారు. ఆమె ఆయనకు ఎడమ పక్కన నడిచింది. ఒకళ్లు చెప్పేది ఒకళ్లు వినిపించుకోకుండా, దారిపొడుగునా గట్టిగట్టిగా వాదించుకుంటూనే ఉన్నారు. ఎదురొచ్చేవాళ్లు పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు.